వైద్యునికై పన్ను వేసికొనిన పల్లెలు

స్థానిక స్వపరిపాలనమునుగూర్చి మాటలాడువారు నగరములనే పేర్కొందురు గాని పొలముల నడుమ వెలసిన సంఘములను తలపరు. కెనడాలోని సస్కాచ్యువాన్ రాష్ట్రమున ‘గ్రామీణ మునిసిపాలిటీ’ లనునవి 296 కలవు. సాధారణముగా ఒక్కొక్కటి 18 మైళ్ల పొడవు, అంతియే వెడల్పు గల గోధుమనేల. అందు నివసించువారు పెక్కుచోట్ల కొన్ని వందలమంది మాత్రమే.

మన ఊళ్లవలె అచట ఇండ్లు ఒకచోట గుమిగూడి యుండవు. 1872 నాటి చట్టము పది డాలర్ల రుసుమునకు 160 ఎకరములిచ్చి, ఆ నేలమీదనే కాపురముండవలెనని నిబంధించినది. రైలుబాట వెంట గిడ్డంగియు, అంగడియు, బడియు గల చిన్న ఊళ్లు పిదప పుట్టినవి. ఆ నేల మొదట ఎవరిదో మరువరాదు. దక్షిణభాగమున క్రీ, సోల్టో మున్నగు జాతులతో 1874లో ఒడంబడిక జరిగెను. వారి సంతతికి రాష్ట్రపు ఎన్నికలలో ఓటు దక్కినది 1960లో!

ఈ సంఘములలో సార్నియా యనునది యొకటి. యూరపు యుద్ధకాలమున, 1915 ప్రాంతమున, హోల్డ్‌ఫాస్ట్ అను చిన్న యూరి వైద్యుడు రాబడి చాలక వెడలిపోవ నుద్యుక్తుడయ్యెను. ఏ దొరనో యాచింపక, ఏ ధర్మదాతనో వెదకక, అచటి రైతుసభ్యులు సంఘపు నిధినుండియే అతనికి జీతమేర్పరచిరి. ఆ నిధి వారి భూములపై వారే వేసికొనిన పన్ను. 1916లో రాష్ట్రచట్టము ఈ పద్ధతిని అంగీకరించినది. ఇతర సంఘములు అనుసరించినవి. 1962 జూలై 1న రాష్ట్రమంతట ప్రజలందరికిని ప్రభుత్వ వైద్యభీమా ఏర్పడుటకు ఈ పల్లెల అనుభవమే పునాది. పన్ను పేరు వినగనే నిందలాడు మన భూస్వాములకు ఈ కథ రుచింపకపోవచ్చును.

నేడు ఆ రైలుబాటలు పెక్కు తొలగినవి. కొయ్య గిడ్డంగులు కూలినవి. చిక్కిన ఊళ్లు తమ పాలకసభలను రద్దుచేసికొని చుట్టునున్న గ్రామీణ సంఘమున కలియుచున్నవి. ఇన్ని సంఘములేల, కలిపివేయుడని లెక్కలవారి వాదము. 2000లో ఇట్టి ప్రతిపాదన రాగా గ్రామీణులు తిరుగబడిరి, ప్రభుత్వము వెనుదీసెను. చిన్నదగుటయే సుగుణమని మేమనము. బాటలను చదునుచేయు యంత్రమును నాలుగు సంఘములు కలసి కొనుట వివేకమే. కాని సంఘమునందలి ప్రతి విభాగమును తన సభ్యుని తానెన్నుకొను హక్కును, ఆ సభ్యులు తమ నేలపై తామే పన్ను నిర్ణయించుకొను అధికారమును కలుపుగోలు పేరిట హరింపరాదు.