నాణెం ఒక్కటే చాలదు, అది దొరికిన చోటు కూడా కావాలి

ఆ రీల్స్ మీరూ చూసే ఉంటారు. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఒక పార్కు. ఒకాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కింద పళ్లెంలాంటి చక్రం ఉన్న పొడవాటి కర్ర పట్టుకుని గడ్డి మీద మెల్లగా నడుస్తుంటాడు. బీప్ అంటుంది. మోకాళ్ల మీద కూర్చుని చిన్న పారతో మట్టి తీస్తే ఒక పాత వెండి నాణెం, లేదంటే ఎవరిదో ఉంగరం బయటపడుతుంది. కింద కామెంట్లలో మనవాళ్లు కూడా ఉంటారు: "బ్రో, మన దగ్గర అయితే లంకె బిందెలే దొరుకుతాయి."

ఇప్పుడు మెటల్ డిటెక్టర్ మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో కొన్ని వేలకి వచ్చేస్తోంది. ఆర్డునో బోర్డుతో మినీ ప్రాజెక్టుగా చేసేవాళ్లూ ఉన్నారు. "వీకెండ్‌కి ఏదైనా పాత కోట దగ్గరికి పోయి ట్రై చేద్దామా" అనే మాట హాస్టల్ గ్రూపుల్లో రావడానికి ఎంతో సేపు పట్టదు. దాని మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ హాబీ చెడ్డది కాదు. కానీ పాత చోట్లలో ఎవరికి వాళ్లు తవ్వుకోవడం మాత్రం వద్దు. దానికి తప్పంతా తవ్వేవాళ్లదే అనడం కూడా కరెక్ట్ కాదు, సగం తప్పు మన చట్టంలో ఉంది.

ముందు మెషీన్ సంగతి. ఒక కాయిల్‌లో దిశ మారుతూ ఉండే కరెంట్ పోతుంది, దాని వల్ల నేలలోకి అయస్కాంత క్షేత్రం వెళ్తుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. అవి తిరిగి పంపే సిగ్నల్‌ని రెండో కాయిల్ పట్టుకుంటుంది. సిగ్నల్ ఎంత ఆలస్యంగా వచ్చిందనే దాన్ని బట్టి అది ఇనుమా, రాగా, వెండా అని మెషీన్ ఊహిస్తుంది. ఇక్కడే ఉంది అసలు కామెడీ. సన్నటి బంగారు ఉంగరం, కూల్‌డ్రింక్ క్యాన్ మీద లాగే రింగు, రెండూ దాదాపు ఒకేలా మోగుతాయి. పైగా మామూలు మెషీన్ నాణేన్ని జానెడు లోతు వరకే పట్టగలదు. అందుకే రీల్‌లో ముప్పై సెకన్లలో దొరికే ఉంగరం వెనక గంటల కొద్దీ సీసా మూతలు, మేకులు ఉంటాయి.

మన కాలనీ పార్కుల విషయానికొస్తే, చాలావాటిలో మట్టి వేరే చోటి నుంచి లారీల్లో తెచ్చి పోసిందే. అక్కడ దొరికితే గిడితే ఈమధ్య ఎవరో పోగొట్టుకున్న చెవి కమ్మో, కాలి మెట్టో దొరుకుతుంది. సొంతదారు ఎవరో వెతక్కుండా దాన్ని జేబులో వేసుకోవడం చట్టం ప్రకారం నేరం. కానీ అదే మెషీన్‌తో, పార్కు వాళ్ల పర్మిషన్ తీసుకుని, పోయిన వస్తువు వెతికి పెడితే? వాకింగ్‌కొచ్చి పుస్తెలు జారవిడుచుకున్న ఒక ఆంటీకి అవి తిరిగి దొరికితే ఆ ఆనందం ఏ రీల్‌లోనూ పట్టదు. ఈ హాబీకి నేను ఫుల్ మార్కులు వేసేది ఇక్కడే.

పాత చోట్ల కథ వేరు. మన సీఎస్ భాషలో చెప్తా. డేటాబేస్‌లో ఒక రో ఉంది. అందులో "నాణెం" అని ఒక కాలమ్ నిండింది, మిగతా కాలమ్స్ అన్నీ నల్. ఎక్కడ దొరికింది, ఎంత లోతులో, పక్కన ఏమున్నాయి, ఏదీ లేదు. ఆ రో దేనికి పనికొస్తుంది? అమ్ముకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలనే తీసుకోండి. అక్కడ దొరికిన నాణేల మీద సిముకుడి పేరు ఉంది. పురాణాల లెక్కలో శాతవాహనుల మొదటి రాజు ఆయనే. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి పండితులు వాటిని చదివారు. శాతవాహనుల మొదలు తెలంగాణలోనే అనే వాదనకి ఆ నాణేలు పెద్ద బలం అయ్యాయి. అవే నాణేలు ఊరి పేరు లేకుండా ఏ సిటీలోనో నాణేల వ్యాపారి ట్రేలో తేలి ఉంటే ఆ వాదనకి అంత బలం ఎక్కడి నుంచి వచ్చేది? రాజు పేరు నాణెం మీద ఉంటుంది, ఊరి పేరు మట్టిలో ఉంటుంది. మనం తవ్వి పడేసేది ఆ మట్టినే.

ఇంగ్లండ్‌లో 1992లో హాక్స్‌నీ అనే ఊళ్లో ఎరిక్ లాస్ అనే ఆయన తన డిటెక్టర్‌తో స్నేహితుడైన రైతు పోగొట్టుకున్న సుత్తి వెతుకుతుంటే రోమన్ కాలం బంగారు, వెండి నాణేలు మోగాయి. ఆయన కొంచెం తీశాక ఆపేసి అధికారులకి చెప్పాడు. మిగతాది పురావస్తు శాఖ వాళ్లు తవ్వారు. దాదాపు 15,000 నాణేలు, నగలు, వెండి చెంచాలు బయటపడ్డాయి. ఆయన ఆపడం వల్లే అవన్నీ ఒక చెక్కపెట్టెలో ఎలా సర్ది పెట్టారో కూడా తెలిసింది. ఆయనకి మంచి రివార్డు వచ్చింది, దాన్ని ఆ రైతుతో పంచుకున్నాడు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది!

ఆయన మంచివాడు కాబట్టి ఆపాడు అని వదిలెయ్యకండి. అక్కడ చెప్పినవాడికి నష్టం లేదు. ఇప్పుడక్కడ ఉన్న 1996 చట్టం ప్రకారం నిధి దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. మ్యూజియం దాన్ని తీసుకుంటే మార్కెట్ ధర లెక్కకట్టి, దొరికించుకున్నవాళ్లకీ భూమి సొంతదారుకీ ఇస్తారు. చిన్న వస్తువులు నమోదు చెయ్యడానికి 1997లో ఒక పథకం కూడా పెట్టారు, అందులో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువుల వివరాలు ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి. దాచిపెడితే జైలే. 2015లో వైకింగుల కాలం నిధి దొరికి చెప్పకుండా అమ్ముకున్న ఇద్దరికి 2019లో ఏళ్ల తరబడి శిక్ష పడింది.

మరి మన చట్టం? 1878 నాటిది. నేలలో దొరికిన దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఈ రోజు 10 రూపాయలకి మన క్యాంటీన్‌లో సమోసా కూడా కష్టమే. చెప్పకపోతే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. ఇంకా ముఖ్యమైన సంగతి, ప్రభుత్వం ఆ నిధిని తీసుకోవాలనుకుంటే ఇవ్వాల్సింది అందులోని లోహం విలువ, దాని మీద అయిదో వంతు. శాతవాహనుల నాణేల్లో చాలా వరకు సీసంవి. అంటే రెండు వేల ఏళ్ల నాటి నాణెం తెచ్చిచ్చిన కూలీకి చట్టం కట్టిన ధర ఆ సీసం ముక్క ధర, ప్లస్ ఇరవై శాతం. ఆఫీసుల చుట్టూ తిరిగే బస్సు చార్జీలకి కూడా రాదు! అలాంటప్పుడు పొలంలో కుండ దొరికినవాడు ఏం చేస్తాడు? రాత్రికి రాత్రి పంచుకుంటారు. వెండి, బంగారం అయితే కరిగించేస్తారు. కరిగాక గ్రాములు మిగులుతాయి, చరిత్ర మిగలదు.

ఈ దాపరికం నుంచే గుప్తనిధుల ముఠాలు కూడా బలపడతాయని నా నమ్మకం. అమావాస్య రాత్రి పూజలు, పాత గుళ్లలో నంది విగ్రహాల కింద తవ్వకాలు, ఈ వార్తలు మనకి కొత్త కాదు. ఇప్పుడు వాళ్ల చేతుల్లోకీ డిటెక్టర్లు వచ్చాయి. మెషీన్లు బ్యాన్ చేస్తే అయిపోతుందని కొందరంటారు. ఇంట్లో కాయిల్ చుట్టి చేసుకోగలిగేదాన్ని బ్యాన్ చేసి ఎవరిని ఆపుతాం? చెప్పినవాడికి లాభం, దాచినవాడికి భయం, ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. మన దగ్గర రెండోది ఒక్కటే, అదీ కాగితం మీద.

అందుకే నేను అడిగేది రెండు. ఒకటి, లోహం ధర కాకుండా చారిత్రక విలువని బట్టి డబ్బు, అదీ త్వరగా. రెండు, ఫోటో, లొకేషన్ పంపితే జిల్లాలో ఒక పురావస్తు అధికారి చూసి జవాబిచ్చే ఏర్పాటు. ఇలాంటి యాప్ రాయడం మనకి ఒక సెమిస్టర్ పని. కష్టమల్లా దాని అవతల కూర్చునే మనిషిని పెట్టడం.

అప్పటిదాకా మీకో, మీ ఊళ్లో తాతగారికో పాత నాణెం దొరికితే ఇంతే చెయ్యండి. చింతపండు పెట్టి తోమకండి, మెరుపుతో పాటు అక్షరాలు కూడా పోతాయి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యండి. లొకేషన్ సేవ్ చెయ్యండి. ఇంకా లోతుకి తవ్వకండి. కలెక్టర్ ఆఫీసుకి కాగితం మీద రాసివ్వండి, రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి.