గీత పడింది కార్డు మీద, నింద పడేది ఆడదాని మీద

కడుపుతో ఉన్న ఆడపిల్ల ప్రభుత్వాసుపత్రికి వెళ్తే మొదటి చెకప్‌లోనే రక్తం తీస్తారు. షుగరు, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపుతో పాటు హెచ్‌ఐవీ, సిఫిలిస్ కూడా చూస్తారు. మొగుడు బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటా ఉంటాడు. ఆయన రక్తం ఎవరూ అడగరు, ఆయనా ఇవ్వడు. ఈ తంతు మన మండపేటదొక్కటే కాదు, ఊరూరా ఇంతే. సుఖరోగాల టెస్టు మనకాడ ఆడోళ్ళకి కడుపొచ్చినప్పుడు జరుగుతాది. మొగోళ్ళకి ఆపరేషనప్పుడో, గల్ఫ్ మెడికల్‌కి వెళ్ళినప్పుడో తప్ప జరగదు.

దాంతో ఏమవుతాది? ఇంట్లో ముందు దొరికేది ఆడదే. ముందు దొరికినోళ్ళే తెచ్చినోళ్ళని అత్తగారు తీర్మానించేస్తాది. రక్తం ముందు ఎవరిది చూశారన్నది వేరు, రోగం ముందు ఎవరికి వచ్చిందన్నది వేరు. రెండోది ఏ కార్డూ చెప్పదండి.

అసలా కార్డు ఏం చెబుతాదో చూద్దాం. కోవిడ్ టైములో ర్యాపిడ్ టెస్టు అందరం చూసిందే. ఇదీ ఆ జాతిదే. వేలి చివర గుచ్చి ఒక చుక్క రక్తం, దాని మీద వాళ్ళిచ్చే మందు చుక్కలు. కంపెనీని బట్టి 15, 20 నిమిషాల్లో ఫలితం. ‘సి’ దగ్గర గీత పడాలి, అది పడకపోతే కార్డే చెల్లదు, ఇంకోటి తియ్యాలి. ‘టి’ దగ్గర కూడా గీత పడితే రియాక్టివ్. పలచగా పడినా పడినట్టే. చెప్పిన టైము దాటాక పడిన గీతని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకే చుక్కతో చూసే కార్డులు కూడా వచ్చాయి. గర్భిణులకి అవి వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

రియాక్టివ్ అంటే రోగం ఖాయమని కాదు. హెచ్‌ఐవీ అయితే మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడూ రియాక్టివ్ అయితేనే ప్రభుత్వ ఐసీటీసీలో పాజిటివ్ అని రాస్తారు. ఆన్‌లైన్‌లో ఒక కార్డు తెప్పించుకుని గదిలో తలుపేసుకుని చూసుకున్న కుర్రాడు, ఒక్క గీత చూసి పురుగుల మందు డబ్బా కోసం వెతకడం ఎంత అన్యాయం! గీత పడకపోయినా సంబరం వద్దు. తప్పు జరిగిన వారానికే చూసుకుంటే కార్డుకి ఏమీ కనపడదు. మూడు నెలలాగి మళ్ళీ చూసుకోవాలి.

సిఫిలిస్‌ది ఇంకో తిరకాసు. పెద్దోళ్ళు దీన్నే సవాయి అనేవోళ్ళు. ఒకసారి వచ్చి, మందు వాడి పూర్తిగా తగ్గిపోయినా చాలామందికి ఈ ర్యాపిడ్ కార్డు మీద బతికున్నంత కాలం గీత పడతానే ఉంటాది. ఇప్పుడు రోగం ఉందా, పాతదా అన్నది కార్డు చెప్పలేదు. దానికి ఆర్‌పీఆర్ అనో వీడీఆర్‌ఎల్ అనో ఇంకో పరీక్ష ఉంది, అందులో అంకె వస్తాది. 32 ఉన్నది మందు తర్వాత 8కి దిగితే పని చేసినట్టు. గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌ఐవీ, హెపటైటిస్‌తో పాటు సిఫిలిస్ కూడా చూస్తారు కాబట్టి, కువైట్‌కో దుబాయ్‌కో పోదామనుకునే మన కోనసీమ పిల్లలు వైద్యం చేయించుకున్న కాగితాలూ ఆ అంకెల రిపోర్టులూ పారేసుకోకూడదు.

ఈ రోగం మోసం చేసేది ఇంకో రకంగా. కలిసిన మూడు వారాలకో ఇంకాస్త తర్వాతో పుండు లేస్తాది, నొప్పి ఉండదు. ఆర్‌ఎంపీ గారు ఆయింట్‌మెంట్ ఇస్తారు. కొన్ని వారాలకి పుండు మానిపోతాది. ఆయింట్‌మెంట్ రాయకపోయినా మానేదే! పేరు మాత్రం ఆర్‌ఎంపీ గారికి. రోగం లోపలే ఉంటాది, పెళ్ళాం దాకా వెళ్తాది, కడుపులో బిడ్డ దాకా వెళ్తాది. బిడ్డ చచ్చి పుట్టడానికి ఇదొక కారణం. సుఖరోగం అని పేరెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ తల్లిని అడిగి పెట్టలేదు.

మందు చూస్తే పాతదే, చవకే. బెంజథీన్ పెన్సిలిన్. తొలి దశలో 24 లక్షల యూనిట్లు ఒక్కసారి, ముదిరితే వారానికోసారి మూడు వారాలు. గర్భిణికి కాన్పుకి కనీసం 30 రోజుల ముందే పడాలి. ఆమెకిచ్చి ఆయనకివ్వకపోతే మళ్ళీ అంటుకుంటాది. ఇంజెక్షన్ ఖర్చూ పోయె, ఆమె పరువూ పోయె.

పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని గోడల మీద రాసిన రోజులు మీలో చాలామందికి తెలియవు. 2000ల మొదట్లో రాష్ట్రమంతా ఆ ప్రశ్నే. ఎయిడ్స్ అంటే భయం పుట్టింది, సిఫిలిస్ అన్న మాట మాత్రం ఎవరి నోట్లోకీ రాలేదు. ఆ ఎయిడ్స్ గొడవైనా తీరిందా అంటే, నాకో 2023 అంచనాల్లో దేశం సగటు 0.20 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 0.62. మూడు రెట్లు!

చట్టం మనవైపే ఉంది. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. నీకు చెప్పి, నువ్వు ఒప్పుకుంటేనే హెచ్‌ఐవీ టెస్టు. టెస్టు చేయించుకుంటేనే ఉద్యోగమిస్తాం, వైద్యం చేస్తాం అనకూడదు. రిపోర్టు ఊళ్ళో చెప్పకూడదు. ఆపరేషన్ ముందు అడక్కుండా తీసేసే ప్రైవేటోళ్ళని ఆ మాట నిలదీసి అడగొచ్చు. ఆ చట్టం రాసింది హెచ్‌ఐవీ కోసమే, సిఫిలిస్ రిపోర్టుకి అంత కాపలా లేదు.

ప్రభుత్వ ఐసీటీసీలో టెస్టు ఉచితం. సుఖరోగాలకి సురక్ష క్లినిక్‌లున్నాయి. ఎక్కడికెళ్ళాలో 1097కి ఫోన్ చేసి పేరు చెప్పకుండానే అడగొచ్చు. మరి మన కుర్రోళ్ళు ఎందుకెళ్ళరు? ఓపీ వేళలే కూలి వేళలు. రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడికి, కోళ్ళఫారంలో పనిచేసేవాడికి ఒక పూట పోతే కూలి పోయినట్టే. పైగా ఆ గది ముందు నిలబడితే తెలిసినోళ్ళు చూస్తారని రాజమండ్రో కాకినాడో పోతారు, లేదంటే అసలు పోరు.

కాబట్టి మండపేట నుంచి అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. గర్భిణితో వచ్చిన మొగుడిని లోపలికి పిలవండి, అదే రోజు, అదే కార్డు, ఆయన ఒప్పుకుంటే ఆయనకీ. వారానికి రెండు సాయంత్రాలు, పని దిగాక, ఆ గది తెరిచి ఉంచండి. గది బయట బోర్డు మీద రక్తపరీక్ష అని రాస్తే చాలు.