కూలి తగ్గితే కొట్టు నిలుస్తుందా?

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే కార్మికుడికి మీటర్ల లెక్కన కూలి. సాంచా ఆగిన రోజు పొయ్యి కూడా ఆగినట్టే. అతనికి కూలి ఇచ్చే ఆసామి పెద్ద షావుకారేమీ కాదు. అప్పు చేసి కొన్ని సాంచాలు పెట్టుకుని, యజమాని దగ్గర నూలు తెచ్చి, నేసిచ్చిన గుడ్డకు మీటరుకు ఇంతని తీసుకుంటాడు. చాలాసార్లు తానూ ఆ మోతలోనే నిలబడి పనిచేస్తాడు. "కూలి పెంచితే షెడ్డు మూసుకోవాల్సిందే" అని అతనంటే అందులో అబద్ధం లేదు. కానీ అక్కడితో మాట అయిపోయిందనుకుని మనం లేచిపోతున్నాం. ఆ లేచిపోవడమే తప్పు.

మన రాజ్యాంగంలో 43వ అధికరణం ఒక్కసారి చదవండి. శ్రమించే ప్రతి మనిషికీ బతుకుకు చాలే వేతనం దక్కేలా రాజ్యం పాటుపడాలని ఉంది. పల్లెల్లో కుటీర పరిశ్రమలను ప్రోత్సహించాలని కూడా అదే వాక్యంలో ఉంది. రాసినవాళ్లు పక్కపక్కన కూర్చోబెట్టిన ఆ రెంటినీ పగవాళ్లను చేసింది మనమే.

కనీస వేతనం లెక్క కట్టడానికి 1957లో 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత పెట్టింది. పెద్దవాళ్లకు రోజుకు 2,700 కేలరీల తిండి, నలుగురున్న ఇంటికి ఏడాదికి 72 గజాల గుడ్డ, పైన ఇంటి అద్దె, వంటచెరకు, దీపం. నాలుగైదు సాంచాలు చూసుకునే మనిషికి 72 గజాలు నేయడం ఒక రోజు పని కూడా కాదు. ఏడాది పొడుగునా నేసినవాడు పిల్లల బట్టలు అప్పు మీద తెచ్చుకుంటుంటే ఆ సిగ్గు అతనిది కాదు.

చాలని కూలి ఆసామినీ కాపాడదు. పని తెలిసిన చేతులు భివండికో సూరత్‌కో పోతాయి, సాంచా ఉన్నా నడిపే మనిషి దొరకడు. చాలిన కూలి మాత్రం ఊరు దాటిపోదు. కిరాణా కొట్టు ఖాతాకు, టిఫిన్ బండికి, దర్జీకి, పిల్లల ఫీజుకు అక్కడక్కడే తిరుగుతుంది. 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి సిరిసిల్లకు నెలల తరబడి పని దొరికింది. ఆ ఆర్డర్లు ఆగిపోయాక 2024లో సాంచాలు మూగబోయాయి. కార్మికుడి చేతిలో డబ్బు లేని ఊళ్లో ఏ చిన్న కొట్టు గల్లాపెట్టె నిండుతుంది?

మరి పెంచిన కూలి ఎక్కణ్ణుంచి రావాలి? ఆసామి జేబు ఒక్కటే చూడకండి, పైకి చూడండి. సరుకు తీసుకున్నవాడు చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని, తప్పితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. రేపు మళ్లీ నూలు ఇవ్వాల్సినవాడి మీద ఇవాళ ఫిర్యాదు చేసే ధైర్యం ఏ ఆసామికి ఉంటుంది? బాకీలు నెలలకు సాగుతాయి, ఆ సాగుడు బరువంతా చివరికి మీటరు కూలి మీదే పడుతుంది.

అందుకే అడుగుతున్నాను. ప్రభుత్వం గుడ్డకు ధర కట్టేటప్పుడు నేత కూలిని విడిగా రాసి చూపాలి, బిల్లు గడువులోగా చెల్లించాలి. బట్టల వ్యాపారులు బాకీలు ఆపడం మానాలి. పండక్కి బట్టలు కొనే మనమూ, వంద తగ్గించమని అడిగే ముందు, ఇది నేసినవాళ్లకు మీటరుకు ఎంత ముట్టిందని దుకాణదారుణ్ణి అడుగుదాం. జవాబు రాకపోతే మళ్లీ అడుగుదాం.