దాచుకోరాని విద్య

1986 ఆగస్టులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడా కనిపించింది. ఆ కాలంలో శాస్త్రజ్ఞులు కంప్యూటరును వాడుకొన్న సమయాన్ని బట్టి రుసుము చెల్లించేవారు. ఎవరో కొద్ది సెకన్లపాటు యంత్రాన్ని వాడుకొని రుసుము కట్టకుండా వెళ్ళిపోయారన్నమాట. ఆ లెక్క తేల్చే పని క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞునికి అప్పగించారు. పరిశోధనకు నిధులు నిండుకొనడంతో ఆయన అప్పుడే కంప్యూటర్ విభాగంలో చేరాడు. ముప్పావు డాలరు కోసం మరొకరైతే అంతగా తల బద్దలు కొట్టుకొనేవారు కారు. తమ జేబులోనుంచే తీసి లెక్క సరిపెట్టేవారు.

స్టోల్ ఆ తేడాను పట్టుకొని దాదాపు ఏడాదిపాటు నడిచాడు. ఎవరో దూరప్రాంతం నుంచి టెలిఫోన్ తీగల ద్వారా ప్రయోగశాల కంప్యూటరులోకి చొరబడుతున్నట్లు తేలింది. యంత్రంపై సర్వాధికారాలూ సంపాదించిన చొరబాటుదారుడు యంత్రం లోపలి ఆనవాళ్ళను చెరిపివేయగలడు. కాగితంపై అచ్చయిన దానిని మాత్రం చెరపలేడు. ఈ చిన్న సత్యాన్ని గ్రహించిన స్టోల్, ఒక వారాంతంలో సహోద్యోగుల బల్లలమీది టెర్మినళ్ళనూ, ప్రింటర్లనూ పోగుచేసి, బయటినుంచి వచ్చే యాభై తీగలకు తగిలించాడు. అజ్ఞాత వ్యక్తి నొక్కిన ప్రతి అక్షరమూ కాగితానికెక్కింది. దానితోపాటు తాను చూసిన ప్రతి సంగతినీ, మాట్లాడిన ప్రతి అధికారి మాటనూ తేదీతో, వేళతో సహా ఒక పుస్తకంలో రాసుకొన్నాడు. పరిశోధనశాలలో శాస్త్రజ్ఞుడు చేసే పని అదే గనుక ఆయనకు అది వింతగా తోచలేదు.

చొరబాటుదారుడు ముఖ్యమైన సమాచారమేదైనా నకలు చేసుకొంటున్నట్లు కనిపిస్తే, స్టోల్ తన తాళపు చెవుల గుత్తిని తీగలపై ఆడించి, లైనులో ఏదో గోల పుట్టినట్లు భ్రమ కల్పించేవాడు! అతడు వచ్చిన ప్రతిసారీ కొద్ది నిమిషాలే ఉండి వెళ్ళిపోయేవాడు. జర్మనీలోని పాత టెలిఫోన్ ఎక్స్చేంజీలలో కాల్ మూలాన్ని వెతకడానికి ఆ వ్యవధి చాలేది కాదు. అందువల్ల రక్షణ శాఖ పథకానికి సంబంధించినవిగా తోచే కల్పిత పత్రాలను కుప్పలుగా తయారుచేసి అతని దారిలో ఉంచారు. వాటిని చదువుతూ అతడు ఆలస్యం చేయడంతో దారి హానోవర్ నగరం వరకు తెలిసింది. సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థకు అమ్మిన ముఠాలో అతడొకడని రుజువై, 1990లో జర్మనీ న్యాయస్థానం శిక్ష విధించి, దాని అమలును నిలిపివేసింది.

ఈ కథలో దొంగ పట్టుబడడం కన్నా విలువైన ఘట్టం మరొకటి ఉంది. 1988 మే నెలలో స్టోల్ తన దర్యాప్తునంతా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల మాసపత్రికలో ప్రచురించాడు. మరుసటి సంవత్సరం అదే విషయం పుస్తకంగా వెలువడింది. తమ యంత్రంలో ఏ లోపం ద్వారా దొంగ ప్రవేశించాడో చెప్పాడు. మొదట్లో ఇదంతా స్థానిక విద్యార్థి ఎవరో చేస్తున్న ఆకతాయి పని అని తాను పొరబడిన సంగతినీ దాచలేదు. 75 సెంట్ల నష్టం వల్ల దర్యాప్తు సంస్థలు తొలుత ఆసక్తి చూపలేదనీ రాశాడు. ఒక ప్రయోగశాలకు ఇది గౌరవ భంగమని అనుకొని ఉంటే ఆ పుస్తకం ఇనుపబీరువాలోనే ఉండిపోయేది. తరువాతి తరం దర్యాప్తుదారులు మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించవలసి వచ్చేది.

కంప్యూటర్ ఫోరెన్సిక్స్ అనేది ఆనవాళ్ళను చదివే శాస్త్రమని అంటారు. నిజానికి అది రాతమీద నిలిచే శాస్త్రం. దాడి జరిగిన యంత్రాన్ని కంగారుపడి ఆపివేస్తే, దాని తాత్కాలిక జ్ఞాపకశక్తిలో ఉన్నదంతా కరెంటుతోపాటే మాయమవుతుంది. అలాగే వదిలివేస్తే దొంగ మిగిలినదానిని కూడా తుడిచివేయవచ్చు. ఏది చేసినా, ఎందుకు చేశారో, ఎన్ని గంటలకు చేశారో రాసి ఉండాలి. హార్డ్‌డిస్కుకు పూర్తి నకలు తీసి, అసలును కదల్చకుండా నకలునే పరీక్షించాలి. రెండూ ఒకటేనని నిరూపించడానికి, లోపలి సమాచారం నుంచి లెక్కగట్టే హాష్ విలువ అనే గుర్తును నమోదు చేయాలి. ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. ఇంత శ్రద్ధ తీసుకొన్న తరువాత కూడా ఒక చిన్న సంగతి దర్యాప్తును తలకిందులు చేయగలదు. అనేక యంత్రాలు అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని నమోదు చేస్తాయి. భారత కాలం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. ఆ తేడా చెప్పకుండా రాసిన నివేదికలో, రాత్రి ఇంట్లో నిద్రపోతున్న ఉద్యోగి సాయంత్రం వేళ కార్యాలయంలో దొంగతనం చేసినవాడుగా కనిపించవచ్చు. నిరపరాధి బ్రతుకు అయిదున్నర గంటల లెక్కమీద ఆధారపడుతుందన్నమాట.

దర్యాప్తు వివరాలు ప్రకటిస్తే దొంగలకే పాఠం చెప్పినట్లవుతుందని ఒక వాదన ఉంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. లోపాన్ని సరిదిద్దకముందే దానిని చాటడం తెలివితక్కువతనం. నష్టపోయినవారి పేర్లూ, ఖాతాల వివరాలూ బయటపెట్టడం అన్యాయం. కేసు నడుస్తున్నప్పుడు సంయమనం అవసరమే. అయితే ఈ జాగ్రత్తలు తీసుకొన్న తరువాత కూడా మౌనం వహించేవారు కాపాడుకొనేది భద్రతను కాదు, పరువును. దొంగలకు ఆ పద్ధతి ముందే తెలుసు. తెలియనిది తరువాత నష్టపోబోయే పొరుగువారికే.

పరువు పోతుందన్న భయానికి బ్రిటిష్ లైబ్రరీ చక్కని సమాధానం ఇచ్చింది. 2023 అక్టోబరులో ఆ గ్రంథాలయంపై దాడి జరిగింది. దాదాపు 600 జీబీల సమాచారం దొంగల పాలయింది. అడిగిన సొమ్ము ఇవ్వకపోవడంతో దొంగలు దానిని బహిరంగపరచారు. గ్రంథసూచి సైతం నెలల తరబడి పాఠకులకు అందలేదు. ఆ సంస్థ 2024 మార్చిలో 18 పుటల నివేదికను తానే ప్రచురించింది. దొంగలు ప్రవేశించిన మార్గం ఫలానాదని ఖచ్చితంగా తేలలేదనీ, బయటినుంచి పనిచేసేవారి కోసం ఏర్పరచిన ఒక సర్వరు ద్వారా వచ్చి ఉండవచ్చనీ, అక్కడ పాస్‌వర్డుకు తోడుగా రెండవ తనిఖీ లేదనీ అందులో రాసింది. పాతబడిన వ్యవస్థల వల్ల కోలుకొనడం ఆలస్యమైందని ఒప్పుకొన్నది. తెలిసిన దానిని తెలిసినట్లు, ఊహను ఊహగా చెప్పిన ఇటువంటి నివేదికలే చదవదగినవి. భయంకర విశేషణాలతో నిండి, చివరకు ఏదో ఒక సాఫ్ట్‌వేరును కొనుక్కోమని ముగిసే రచనలు ఎన్ని చదివినా ఒక్క ఆనవాలును గుర్తించే నేర్పు అలవడదు.

భారతదేశంలో 2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చింది. దాడుల విషయంలో తోడ్పడడానికి సెర్ట్‌-ఇన్ అనే జాతీయ సంస్థ 2004లో పని ప్రారంభించింది. దాడిని గుర్తించిన 6 గంటలలోగా తమకు తెలియజేయాలనీ, యంత్రాల నమోదులను 180 రోజులు భద్రపరచాలనీ ఆ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతపరచే ధ్రువపత్రంలో హాష్ విలువను పేర్కొనవలసిందిగా నిర్దేశించింది. ఇవి మేలైన చర్యలే. కాని ప్రభుత్వానికి తెలియజేయడం వేరు, తోటివారికి తెలియజేయడం వేరు. విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికలను ప్రచురించే సంప్రదాయం ప్రపంచమంతటా ఉంది. ఒక విమానం కూలితే మరొక దేశపు పైలట్ జాగ్రత్తపడతాడు. ఒక బ్యాంకుపై దాడి జరిగితే పక్కవీధిలోని బ్యాంకుకు కూడా దానినుంచి నేర్చుకొనేందుకు ఏమీ మిగలకపోవడం విచారకరం.

మరొక కొరత భాషకు సంబంధించినది. ఒక మండల కేంద్రంలో నేరం జరిగితే మొదట అక్కడికి చేరేది ప్రయోగశాల నిపుణుడు కాడు. స్థానిక పోలీసు ఉద్యోగి. ఆయన పంచనామా తెలుగులో రాస్తాడు. స్వాధీనం చేసుకొన్న ఫోనును ఆపివేయాలా, ఆపకుండా నెట్‌వర్కు నుంచి వేరుచేయాలా అన్నది అప్పటికప్పుడు నిర్ణయించవలసిన విషయం. ఇటువంటి అనుభవాలు ఆయన చదువుకొనే భాషలో, జరిగినది జరిగినట్లుగా లభించాలి. ఈ పనికి పారిభాషిక పదకోశం సిద్ధమయ్యే వరకు ఆగనక్కరలేదు. హార్డ్‌డిస్కును హార్డ్‌డిస్కు అంటే అర్థం కానివారు లేరు.

కంప్యూటర్ చదువులకు వెళ్ళదలచిన విద్యార్థులు దీనిని ఇప్పటినుంచే సాధన చేయవచ్చు. అందుకు ఎవరి యంత్రంలోనూ తొంగిచూడనవసరం లేదు. 2001లో హనీనెట్ ప్రాజెక్టు అనే బృందం, దాడికి గురైన ఒక యంత్రపు డిస్కు నకళ్ళను అందరికీ అందించి, పరీక్షించి నివేదికలు రాయమని ఆహ్వానించింది. వచ్చిన నివేదికలను కూడా ప్రచురించింది. అమెరికా ప్రమాణాల సంస్థ సైతం అభ్యాసం కోసం ఇటువంటి నకళ్ళను ఉచితంగా ఉంచింది. ఒకే డిస్కును ఇద్దరు మిత్రులు విడివిడిగా పరీక్షించి, చూసినదంతా వేళలతో సహా తెలుగులో రాసి, ఆ రెండు నోటుపుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. రెండింటిలోనూ వేళలు కలవని చోట, ఆ ఇద్దరిలో ఎవరు అయిదున్నర గంటలు మరచిపోయారో బయటపడుతుంది.