గడ్డ లేదని ఊరుకోకండి

అరకు దగ్గరి పల్లెనుంచి ఒక పంతులమ్మ రాశారు: "మా వదిన బిడ్డకు ఏడో నెల. వదినకు ఎడమ రొమ్ము ఎర్రబడి బరువెక్కింది. పాలు కట్టాయని మా అమ్మ ఆకు పసరు వేస్తోంది. చేతికి గడ్డేమీ తగలడంలేదు గనుక భయంలేదంటున్నారు. నిజమేనా?"

పాలిచ్చే తల్లికి రొమ్ము వాస్తే అది పాలు కట్టినదే కావడం పరిపాటి. మీ అమ్మగారి ఊహ తప్పనలేను. కాని గడ్డ లేదు గనుక భయంలేదన్న మాట మాత్రం ఒప్పుకోను. గడ్డ తగలకుండానే వచ్చే రొమ్ము కాన్సరు ఒకటుంది. ఇన్‌ఫ్లమేటరీ కాన్సరు అంటారు. అరుదైనదే, కాని మహా దూకుడుగా ముదురుతుంది. కాన్సరు కణాలు చర్మంలోని సన్నని లింఫు నాళాలకు అడ్డుపడటంవల్ల కొద్ది వారాల్లోనే రొమ్ము ఉబ్బి ఎర్రబడుతుంది. చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడుతుంది. చనుమొన లోపలికి పోవచ్చు, చంకలో బిళ్ళ కట్టవచ్చు. జ్వరం ఉండకపోవచ్చు.

మీ వైపు రోజుల్ని సంతలతో లెక్కపెట్టుకుంటారు కదా! ఈ సంతనాడు డాక్టరిచ్చిన మందు మొదలుపెడితే, వచ్చే సంతకల్లా ఎరుపు తగ్గుముఖం పట్టాలి. పట్టలేదా, మాత్రలు మారుస్తూ ఇంకో నెల గడపవద్దు. స్కానింగు, మామోగ్రాము తీయించి, చర్మంతోసహా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని అడగండి. ముక్క తీస్తే రోగం పాకుతుందన్నది వట్టి మాట. చదువుకున్నవాళ్ళూ ఈ మాట అంటారు, అదీ విచిత్రం!

ఎందుకొస్తుందంటారా? స్థూలకాయులకు ముప్పు కొంత ఎక్కువ. చిన్న వయసులోనూ వస్తుంది. తల్లికో అక్కచెల్లెళ్ళకో రొమ్ము కాన్సరు వచ్చివుంటే డాక్టరుకు చెప్పాలి. బిడ్డకు పాలివ్వడం రొమ్ము కాన్సరునుంచి కొంత రక్షణేగాని, పూచీ కాదు.

వైద్యంలో వరుస ముఖ్యం. ముందే కోయరు. మొదట కొన్ని నెలలు కీమోథెరపీ, వాపు దిగాక రొమ్మును, చంకలోని గ్రంథులను తీసే ఆపరేషను, తరవాత రేడియేషను. ముక్క పరీక్షలో హెర్-2 ఎక్కువని తేలితే ట్రాస్టుజుమాబ్ ఇంజక్షన్లు, హార్మోను గ్రాహకాలుంటే ఏళ్ళతరబడి మాత్రలు. మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ రకానికి కీమోయే ప్రధానాధారం; ఇప్పుడు ఇమ్యునోథెరపీ కూడా జతచేస్తున్నారు. కీమో జరిగినన్నాళ్ళూ బిడ్డకు చనుపాలు పట్టకూడదు. ఆ ఏర్పాటు ముందే చూసుకోవాలి.

విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకంలో కాన్సరు వైద్యం చేరివుంది. రేషను కార్డు, ఆధారు కార్డు మరువకండి. చంటిబిడ్డతో ఘాటురోడ్డు బస్సుకన్నా కిరండూలు రైలే నయం. మీ అన్నగారిని కూడా వెళ్ళమనండి.

వాపు వచ్చి ఎన్నాళ్ళయిందో మీరు రాయలేదు. ఇప్పటికే రెండు సంతలు దాటివుంటే, ఈ జవాబుకోసం ఆగకుండా బయలుదేరేవుంటారనుకుంటాను.