ఆ మాట కాగితంలో ఎందుకు ఉండదు?

మియాపూర్‌లో మా ఇంట్లో మూడేళ్లుగా అత్తయ్య మంచంలోనే ఉంది. తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేదు. ముద్ద నోట్లో పెట్టాలి. రాత్రిళ్లు కూడా లేచి తిప్పి పడుకోబెట్టకపోతే నడుము కింద పుండ్లు పడతాయి. కిందటేడు ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో ఇవేవీ లేవు. వయోభారం, నీరసం అని రెండు మాటలు రాసి ఊరుకున్నారు.

నా ఉద్యోగం మెడికల్ కోడింగ్. మాదాపూర్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చదివి జబ్బులకు కోడ్‌లు వేస్తాను. వెన్నుపాముకు దెబ్బ తగలకపోయినా, తీవ్రమైన వైకల్యం వల్లనో బలహీనత వల్లనో మనిషి పూర్తిగా కదల్లేకపోతే అక్కడ ఆర్53.2 అనే కోడ్ ఉంది. దాని పేరు ఫంక్షనల్ క్వాడ్రిప్లీజియా. డాక్టరు ఆ మాట రాయకపోతే మేం ఆ కోడ్ వేయకూడదు. రాస్తే ఆసుపత్రికి వచ్చే సొమ్ము పెరగవచ్చు. డబ్బు ముడిపడి ఉంది కాబట్టే ఆ మాటకు అంత పట్టింపు!

మన దగ్గర ఆ మాట ఎవరికి కావాలి? రాయమని అడిగితే డ్యూటీ డాక్టరు, "ఇంట్లో మీరున్నారు కదమ్మా, చూసుకుంటారు" అన్నాడు. మీరు అంటే ఎవరు? కోడలు, కూతురు, భార్య. ఆడది ఉంది కాబట్టి రోగి అవసరం రాయనక్కర్లేదు. అది రాయలేదు కాబట్టి ఆడదాని చాకిరీ ఏ లెక్కలోకీ రాదు.

రాయడానికి కోడ్ లేదనడానికి వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసిడి-10లో, కదలిక తగ్గి ఇతరుల సహాయం అవసరమైన వారికోసం జెడ్74.0 ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అధిక సహాయం అవసరమైన వారిని ప్రత్యేకంగా గుర్తించింది. వారికి సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్ చెబుతుంది, ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అనే మెలికతో. అయితే ముందు వైకల్య ధ్రువపత్రం కావాలి, ఆ తర్వాత 38వ సెక్షన్ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు చోట్లా నీరసం అని రాసిన కాగితం పట్టుకుని నిలబడాలా?

కోడ్ వేస్తే మనిషి లేచి నడుస్తుందా అని అడిగేవాళ్లున్నారు. నడవదు. కానీ రాయని అవసరానికి భత్యం అడగలేం.

అందుకే మిత్రులారా, డిశ్చార్జి రోజున పట్టుబట్టండి. ఒత్తిగిల్లగలదా, కూర్చోగలదా, తినగలదా, రోజుకు ఎన్ని గంటలు, ఎందరి సాయం కావాలి అన్నవి రాయించండి. అడిగిన 72 గంటల్లో రోగి రికార్డులు ఇవ్వాలని 2002 భారత వైద్య మండలి నియమావళి చెబుతోంది. ఒంటరిగా అడిగితే మా ఇంట్లో జరిగినట్టే జరుగుతుంది. సంఘంగా వెళ్లి అడుగుదాం.