గళ్ల పరీక్ష చేసే చేతికి శిక్షణ ముఖ్యం

క్షయకు మందు ఉంది. ఆ మందును సర్కారు ఆస్పత్రిలో ఉచితంగా ఇస్తారు. మామూలు క్షయ అయితే ఆరు నెలలు విడవకుండా మింగితే నయమవుతుంది. ఈ మాటలు ఇప్పుడు మన పల్లెల్లో చాలామందికి తెలుసు. అయితే ఆ మందు చేతికి రావాలంటే ముందుగా ఒకరు మన గళ్లను పరీక్షించి, క్రిమి ఉందో లేదో చెప్పాలి. ఆ మనిషే ల్యాబ్ టెక్నీషియన్. ఆస్పత్రికి డాక్టరు వచ్చాడా అని అడుగుతాం. మందులు ఉన్నాయా అని అడుగుతాం. టెక్నీషియన్‌కు ఈ పని ఎవరు నేర్పారు, ఎన్నేళ్ల కింద నేర్పారు, అతని పనిని ఎవరు సరిచూస్తున్నారు అని ఎవరూ అడగరు. మన జిల్లాలో క్షయ తగ్గాలంటే ఈ ప్రశ్న అడగక తప్పదు.

తప్పుడు ఫలితం చేసే చేటు

జబ్బు ఉన్నవాడికి 'లేదు' అని రాసిస్తే ఏమవుతుంది? వాడు నిశ్చింతగా ఇంటికి పోతాడు. ఒకే గదిలో పెళ్లాం పిల్లలతో పడుకుంటాడు. శనక్కాయల కోతకు పోతాడు, పని లేని కాలంలో బెంగళూరుకు బస్సెక్కుతాడు. గళ్లలో క్రిమి ఉండి మందు వాడనివాడు ఏడాదిలో పది, పదిహేను మందికి ఆ క్రిమిని అంటిస్తాడని వైద్యుల అంచనా. ఒక్క తప్పుడు కాగితం విలువ అంత.

జబ్బు లేనివాడికి 'ఉంది' అని రాసిస్తే అదీ తక్కువ నష్టం కాదు. ఆరు నెలలు అక్కరలేని మాత్రలు మింగాలి. ఊళ్లో చాటుమాటు మాటలు పడాలి. ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉంటే ఆ బాధ ఎలాంటిదో చెప్పనక్కరలేదు.

నాకు తెలిసిన ఒక కూలి మనిషి దగ్గు తగ్గక ఒక ఆస్పత్రిలో గళ్ల ఇచ్చాడు. లేదన్నారు. దగ్గు మందు సీసా పుచ్చుకొని వచ్చేశాడు. మూడు నెలల తర్వాత మరోచోట చూస్తే క్షయ అని తేలింది. ఈలోగా ఇంట్లో చిన్నపిల్లకూ జబ్బు తగిలింది. మొదటి పరీక్షలో లోపం గళ్లలో ఉందో, రంగులో ఉందో, చూసిన కంటిలో ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ స్లైడును రెండోసారి చూసినవారు లేరు.

ఈ కథ కొత్తది కాదు. మన మడకశిరకు ఆనుకొని ఉన్న తుమకూరు జిల్లా పల్లెల్లో బెంగళూరు జాతీయ క్షయ సంస్థ వారు చేసిన పరిశీలన 1963లో అచ్చయింది. క్షయ ఉన్నవారిలో సగానికి పైగా తమంతట తామే ఏదో ఒక వైద్యం కోసం వెళ్లి ఉన్నారని అందులో తేలింది. వెళ్లిన చోట చాలామందికి దొరికింది దగ్గు మందు సీసాయే. పల్లె జనానికి జబ్బు మీద శ్రద్ధ లేదనే మాట తప్పని అప్పుడే రుజువైంది. వచ్చిన మనిషిలో జబ్బును పట్టుకోలేకపోవడమే అసలు లోపం.

చూసినంత తేలిక పని కాదు

గళ్లను గాజు పలకపై పూసి చూడటం ఎంతసేపు అనిపిస్తుంది. దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. డబ్బాలోని గళ్లలో చిక్కగా, పసుప్పచ్చగా ఉన్న భాగాన్ని ఏరి తీయాలి. దాన్ని స్లైడుపై సమంగా పూయాలి. మందమైతే రంగు కడిగేటప్పుడు ఊడిపోతుంది, పలుచనైతే క్రిమి దొరకదు. ఆరాక మంటపై చూపి అతికించాలి. ఎర్రరంగు పోసి ఆవిరి వచ్చేదాకా వేడి చేయాలి, మరగనీయకూడదు. ఆమ్లంతో కడగాలి. ఆపైన నీలిరంగు వేయాలి. ఆమ్లానికి మిగతావన్నీ రంగు వదులుతాయి, క్షయ క్రిమి వదలదు. నీలం నేలపై ఎర్రని సన్న పుల్లల్లా కనిపిస్తుంది. వేడి చాలకపోయినా, ఆమ్లం నిమిషాలు తప్పినా ఉన్న క్రిమి కూడా కనిపించదు.

లేదని రాయాలంటే కనీసం 100 చోట్ల కటకాన్ని జరిపి చూడాలి. దీనికి స్లైడుకు ఐదు నిమిషాలైనా పడుతుంది. ఒక మిల్లీలీటరు గళ్లలో ఐదు నుంచి పదివేల క్రిములు ఉంటేగాని ఈ పరీక్షకు దొరకవు. అందుకే నిపుణులు రోజుకు 20, 25 స్లైడులకు మించి ఒక్కరి చేత చూపించవద్దంటారు. ఆ పైన కన్ను అలసిపోతుంది. ఇక కటకానికి అంటిన నూనెను తుడవకుండా తర్వాతి స్లైడు చూస్తే ఒకరి క్రిమి మరొకరి లెక్కలో పడవచ్చు. డబ్బా మీద నంబరు తారుమారైతే మనుషులే తారుమారవుతారు.

ఇవన్నీ పుస్తకం చదివితే రావు. గురువు పక్కన కూర్చొని, వందల స్లైడులు చేసి, తప్పులు దిద్దించుకుంటే వస్తాయి. వచ్చినా వాడకం లేకపోతే మరుపు వస్తుంది.

మన జిల్లాకు ఉన్న పేరు

బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ 1959లో ఏర్పడింది. పల్లెలకు పనికివచ్చే జిల్లా పథకాన్ని ఆ సంస్థ తయారుచేసి, 1960ల మొదట్లో ముందుగా ఆచరించి చూసింది మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే. 1962 నుంచి ఆ నమూనా దేశమంతటికీ వెళ్లింది. ఆ పథకంలో జిల్లాకొక బృందం ఉండేది. డాక్టరుతో పాటు ల్యాబ్ టెక్నీషియన్‌కూ బెంగళూరులో శిక్షణ ఇచ్చేవారు. తిరిగి వచ్చాక వారు ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి, అక్కడి సిబ్బందికి అక్కడి మైక్రోస్కోపు మీదే పని నేర్పేవారు. క్షయ కోసం వేరే పెద్దాస్పత్రులు కట్టకుండా, ఉన్న చిన్న ఆస్పత్రిలోనే జబ్బును పట్టుకోవచ్చన్నది ఆ ఆలోచన. దేశానికి దారి చూపిన జిల్లాలో ఆ పాఠం మనమే మరచిపోకూడదు.

1997లో కొత్త జాతీయ కార్యక్రమం మొదలై 2006 నాటికి దేశమంతటా పరచుకుంది. మైదాన ప్రాంతాల్లో లక్ష జనాభాకు ఒక గళ్ల పరీక్షా కేంద్రం, ఐదు లక్షలకు ఒక ల్యాబ్ సూపర్‌వైజరు అనే లెక్క పెట్టారు. స్లైడులను దాచి ఉంచి, అందులో కొన్నిటిని ఏరి, మొదటి ఫలితం తెలియని మరొకరి చేత మళ్లీ చూపించే పద్ధతి తెచ్చారు. ఇది చాలా మంచి పద్ధతి. సక్రమంగా జరిగితే ఏ ల్యాబులో పని కుంటుపడుతోందో నెలల్లో తెలిసిపోతుంది.

యంత్రం వచ్చినా మనిషి కావాలి

ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు వచ్చాయి. మైక్రోస్కోపుకు అందని కొద్దిపాటి క్రిములను కూడా ఇవి గంటా రెండు గంటల్లో పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో కూడా చెబుతాయి. వీటిని ప్రతి మండలానికీ అందుబాటులోకి తేవడం ఎంతైనా అవసరం. కాని యంత్రం ఉంది గనుక మనిషికి శిక్షణ అక్కరలేదనుకుంటే పొరపాటు. ఉమ్మి పోస్తే యంత్రం ఉమ్మినే చూస్తుంది. పేరు తప్పు రాస్తే తప్పు పేరుకే ఫలితం ఇస్తుంది. కరెంటు పోయినప్పుడు, తప్పు గుర్తు చూపినప్పుడు ఏం చేయాలో తెలిసినవాడు లేకపోతే ఖరీదైన యంత్రం మూలన పడుతుంది.

ఇంకొక సంగతి. ఈ యంత్రం చచ్చిన క్రిమికీ, బతికున్న క్రిమికీ తేడా చెప్పలేదు. మందు వాడుతున్నవాడికి జబ్బు తగ్గుతోందా అని చూడటానికి ఇప్పటికీ మైక్రోస్కోపే కావాలి. కనుక పాత విద్య మరచిపోవడానికి వీల్లేదు, కొత్త విద్య నేర్వక తప్పదు.

అధికారులు చేయవలసినవి

కేంద్రం 2025 నాటికి క్షయను అంతం చేయాలని గడువు పెట్టుకుంది. అది నెరవేరలేదు. 2024లో ప్రపంచంలో కొత్తగా క్షయ సోకిన ప్రతి నలుగురిలో ఒకరు మన దేశస్థులేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంకా ఎంతో పని ఉంది. జిల్లాలో ఈ కింది పనులకు పెద్ద ఖర్చు కూడా కాదు.

క్షయ పరీక్షలు చేసే ప్రతి టెక్నీషియన్‌కూ మొదట బల్ల దగ్గర శిక్షణ, ఆపైన క్రమం తప్పని పునశ్చరణ ఉండాలి. హాలులో కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పి, భోజనం పెట్టి, సంతకం తీసుకొని పంపితే అది శిక్షణ కాదు. చివరిరోజున తెలియని స్లైడులు ఇచ్చి చదివించాలి. తప్పినవారిని మళ్లీ కూర్చోబెట్టాలి.

శిక్షణ పొందినవారిని బదిలీ చేసేటప్పుడు ఆ స్థానానికి శిక్షణ ఉన్నవారినే పంపాలి. ల్యాబు మనిషిని ఇతర డ్యూటీలకు తిప్పకూడదు. ఖాళీ ఏర్పడితే నెలల తరబడి నానబెట్టకూడదు. ఇంటర్ ఒకేషనల్‌లో, డిప్లొమాలో ల్యాబు చదువు చదివిన పల్లె పిల్లలు ఉన్నారు. వారికి నిజమైన గళ్ల పరీక్షా కేంద్రంలో కొన్నాళ్లు పని నేర్పితే మన మనుషులే మనకు దొరుకుతారు.

సూపర్‌వైజరు తప్పు పట్టినప్పుడు మెమో ఇచ్చి ఊరుకోకూడదు. పక్కన కూర్చొని దిద్దాలి. మెమోకు భయపడినవాడు తప్పును దాస్తాడు, దిద్దితే నేర్చుకుంటాడు. రోజూ గళ్లతో మెలిగే వారి ప్రాణం మీద కూడా శ్రద్ధ ఉండాలి. గాలి వెలుతురు ఉన్న గది, మాస్కు, చేతులు కడుక్కోను నీళ్లు, ఏడాదికొకసారి వారికే పరీక్ష అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మన వంతు

రెండు వారాలు మించి దగ్గు ఉంటే పరీక్షకు పోవాలి. గళ్ల అంటే ఉమ్మి కాదు. నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతు నుంచి దగ్గి తీసిందే గళ్ల. పొద్దున లేవగానే వచ్చేది మంచిది. ఆరుబయట, జనానికి దూరంగా నిలబడి తీయాలి. అడిగితే రెండోసారి కూడా విసుక్కోకుండా ఇవ్వాలి. లేదని రాసినా దగ్గు ఆగకపోతే ఇంట్లో కూర్చోకూడదు, మళ్లీ పోయి యంత్రం పరీక్ష చేయమని అడగాలి. అది మన హక్కు.

రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. ఆయన దాన్ని పట్టుకున్నదీ రంగు వేసిన స్లైడు మీదే. ఆ తేదీన ఏటా ప్రపంచ క్షయ దినం జరుపుతారు. ఊరేగింపులు తీస్తారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు. అవి ఉండనీయండి. దానితోపాటు ఈ ఏడాది మన జిల్లాలో ఎందరు టెక్నీషియన్లకు పునశ్చరణ శిక్షణ ఇచ్చారు, ఎన్ని స్లైడులు మళ్లీ చూశారు, ఎన్ని తప్పులు దొరికాయి, ఎన్నిటిని దిద్దారు అనే లెక్కను కూడా అదే వేదిక మీద చదవాలి. జిల్లా క్షయ నివారణ అధికారులు ఈ ఒక్క పని మొదలుపెడితే పల్లెల్లో గళ్ల పరీక్ష మీద నమ్మకం తప్పక పెరుగుతుంది.

— గ్రామీణ విలేకరి